దాదీ దర్ద్, అఫీము కానూను



1998లో మా దాదీ కొత్తచెరువులో క్యాన్సర్‌తో పోయింది. బెంగళూరు ఆసుపత్రిలో "ఇక ఇలాజ్ లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నారు. పెనుకొండ మీదుగా బస్సులో తెచ్చుకున్నాం. ఇయాదత్‌కు వచ్చినోళ్లంతా సబ్ర్ చేయమన్నారు, యాసీన్ చదివారు, జంజం తాగించారు. దాదీ దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుని అరుపు ఆపుకునేది. అబ్బా ఎంత తిరిగినా దొరికింది మామూలు నొప్పి సూదే. మార్ఫిన్ అడిగితే "అది మేం పెట్టం సాబ్" అన్నారు. మా గరీబీ వల్లే అనుకున్నాడు అబ్బా, చనిపోయేదాకా.

గరీబీ ఒక్కటే కాదని నాకు తర్వాత తెలిసింది. మార్ఫిన్ అఫీము నుంచి తీస్తారు. ఆ అఫీము మన దేశంలోనే పండుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు సర్కారు లైసెన్సుతో పండిస్తారు. గాజీపూర్‌లో కంపెనీ దొరలు 1820లో పెట్టిన అఫీము కార్ఖానా కూడా ఉంది. విదేశాలకు పంపేంత సరుకు! కానీ 1985లో మాదకద్రవ్యాల కానూను వచ్చింది. చాలా నేరాలకు కనీసం 10 ఏళ్ల ఖైదు, లక్ష జుర్మానా. మార్ఫిన్ ఉంచుకోవాలంటే రాష్ట్రానికో రూలు, నాలుగైదు లైసెన్సులు, అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. డాక్టర్లు, మందుల షాపులవాళ్లు భయపడి మానేశారు. పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 90 శాతానికి పైగా పడిపోయింది. నషా ఆపుదామని చేసిన కానూను నషాను ఆపలేదు, దవాను ఆపేసింది.

కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన సాథీలు 1993లోనే పాలియేటివ్ క్లినిక్ మొదలుపెట్టారు. బెంగళూరులో కరుణాశ్రయ 1999లో తెరుచుకుంది, ఇలాజ్ అయిపోయిన క్యాన్సర్ మరీజులకు ముఫ్త్‌గా. దాదీ పోయిన మరుసటి ఏడే. పార్లమెంటు 2014లో ఆ కానూను సవరించి, లైసెన్సుల చిక్కు తగ్గించింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఈ ఖిద్మత్ ఉంది.

పోయినేడు మా చాచాకు అదే బీమారీ. ఈసారి ఫైలు పట్టుకుని నేనే బెంగళూరు పోయి, మార్ఫిన్ మాత్రలు రాయించుకొచ్చాను. చాచీ చీటీ చూసి జంకింది.

"అఫీము కదా బేటా, హరామ్ కాదా?"

ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందటే తన అల్‌ఖానూన్‌లో అఫీమును నొప్పి తగ్గించే దవాగా రాశాడని చెప్పాను. ఆమె నమ్మలేదు. మస్జిద్ మౌలానా సాబ్‌ను పిలిపించాను. నషా కోసమైతే హరామే, డాక్టర్ రాసిన దవా అయితే జరూరత్ అన్నారాయన.

ఆ రాత్రి చాచా ఆరు గంటలు నిద్రపోయాడు. లేచి చాయ్ అడిగాడు. జొహర్ నమాజు పడుకునే, సైగలతో చదువుకున్నాడు.