మట్టిదారి బండికి బ్రేకులు: ముందు మార్చవలసినవేవి?

మట్టి దారులలోను, రాళ్ల బాటలలోను నడపడానికి రూపొందించిన మోటారు సైకిళ్లు ఇప్పుడు సరిహద్దు గ్రామాలలో కూడా కనిపిస్తున్నాయి. వీటినే డర్ట్ బైకులని వ్యవహరిస్తున్నారు. బండి కొన్న కొద్ది నెలలకే బ్రేకు చాలడం లేదని, పెద్ద డిస్కు బిగించుకుంటామని యువకులు ఇంట్లో డబ్బు అడగడం పరిపాటి అయింది. ఆ డబ్బు ఇచ్చే పెద్దలు, ఖర్చుచేసే పిల్లలు తెలుసుకోదగిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

లీవరు నొక్కగానే మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలుపై ఒత్తిడి కలుగుతుంది. ఆ ఒత్తిడి హోసు పైపు ద్వారా క్యాలిపరును చేరి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. వీటిలో ఏ ఒక్కటి బలహీనమైనా తక్కినవాటిపై పెట్టిన ఖర్చు వృథా. కాబట్టి కొత్తవి కొనడానికి ముందు ఉన్నవాటిని పరీక్షించాలి. ప్యాడు మందం ఎంత మిగిలింది? ఆయిలు నల్లబడిందా? డిస్కుపై చెక్కి ఉండే కనిష్ఠ మందం కంటే డిస్కు పలుచబడిందా? బ్రేకు చాలడం లేదని వచ్చే బళ్లలో పలువాటికి ఈ పరీక్షతోనే కారణం దొరుకుతుంది.

మార్పు తప్పదనుకుంటే మొదట ప్యాడ్లను మార్చడం మేలు. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. వీటిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. నారలను, బంకను కలిపి చేసిన ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా పట్టుకుంటాయి, డిస్కును తక్కువగా అరగదీస్తాయి. అయితే తడి బురదలో త్వరగా అరిగిపోతాయి. లోహపు పొడిని వేడిచేసి అదిమి తయారుచేసే సింటర్డ్ ప్యాడ్లు నీటిలోను, వేడిలోను పట్టు నిలుపుకుంటాయి. కాని డిస్కు తొందరగా అరుగుతుంది, కొంత చప్పుడు కూడా ఉంటుంది. సిరోంచ వైపు ప్రాణహిత, గోదావరి ఒడ్డు గ్రామాలలో వానాకాలపు బురదలో తిరిగే బండికి సింటర్డ్ రకం తగినది. పావగడ, బాగేపల్లి ప్రాంతాల పొడి ఎర్రమట్టిలో నెమ్మదిగా తిరిగే బండికి ఆర్గానిక్ రకమే చాలు. మీ డిస్కు సింటర్డ్ ప్యాడ్లను తట్టుకునేదో కాదో బండి పుస్తకంలో చూసి గాని కొనరాదు.

కొత్త ప్యాడ్లు వేసిన రోజునే బ్రేకు పట్టడం లేదని మెకానిక్కుతో తగువు పెట్టుకునేవారున్నారు. ప్యాడు, డిస్కు ఒకదానికొకటి ఒరుసుకొని కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. ఖాళీ రోడ్డుపై మధ్యస్థ వేగంతో వెళ్లి, మృదువుగా ముప్పై సార్ల వరకు వేగం తగ్గించిన తరువాతనే అసలు పట్టు తెలుస్తుంది. అంతవరకు గట్టిగా తొక్కరాదు.

ఆయిలు విషయంలో నిర్లక్ష్యం ఎక్కువ ప్రమాదకరం. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినప్పుడు ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. సాలూరు నుండి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాటు వంటి దారిలో దిగేటప్పుడు బ్రేకు నిరంతరంగా వేడెక్కుతుంది. పాత ఆయిలు మరిగి బుడగలు కడితే లీవరు హ్యాండిలు దాకా వచ్చినా బండి ఆగదు. అందుచేత రెండేళ్లకొకసారి ఆయిలు మార్పించాలి. ఘాటు దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజను పట్టును వాడుకోవాలి. డాట్ 5 సిలికాను ఆయిలు, దానిని పై రకాలతో కలపరాదు. 5, 5.1 అంకెలు పక్కపక్కనే ఉండటం వల్ల అంగడిలో పొరపాటు పడే అవకాశముంది.

రబ్బరు హోసు వయసు మీరితే ఒత్తిడికి ఉబ్బుతుంది, లీవరు మెత్తబడుతుంది. ఉక్కు తీగ అల్లిన హోసు ఈ లోపాన్ని తగ్గిస్తుంది. పొడవైన ఫోర్కులు బిగించుకున్నవారు హోసు పొడవును తప్పక చూడాలి. ముందు చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, హ్యాండిలును రెండువైపులా చివరిదాకా తిప్పినా హోసు లాగినట్లు ఉండకూడదు.

ఇక పెద్ద డిస్కు. 240 మిల్లీమీటర్ల డిస్కు స్థానంలో 270 మిల్లీమీటర్లది వేస్తే బ్రేకు బలం సుమారు 14 శాతం పెరుగుతుంది. దానికి వేరే బ్రాకెట్టు కావాలి, ఫోర్కుకు డిస్కు తగలకుండా ఖాళీ ఉండాలి. 2019లో విడుదలైన హీరో ఎక్స్‌పల్స్ 200కు ముందు డిస్కు 276 మిల్లీమీటర్లు కనుక దానిని ఇంకా పెంచవలసిన అవసరం మాకు కనిపించడం లేదు. గులక మట్టిపై టైరు పట్టు తప్పితే ఎంత బలమైన బ్రేకు అయినా చక్రాన్ని బిగబట్టి బండిని పడవేస్తుంది. అక్కడ కావలసినది వేలి ఒత్తిడికి తగ్గట్టు హెచ్చుతగ్గులు చేయగల బ్రేకు.

మాస్టరు సిలిండరు రంధ్రం చిన్నదైతే పట్టు పెరుగుతుంది, లీవరు ప్రయాణం కూడా పెరుగుతుంది. 14 మిల్లీమీటర్లదాని బదులు 12.7 వేస్తే ఒత్తిడి సుమారు 21 శాతం ఎక్కువ. ఈ పని తెలిసినవారి చేత మాత్రమే చేయించాలి. వెనుక డ్రమ్ము బ్రేకు ఉన్న పాత బళ్లకు మంచి లైనర్లు, శుభ్రంగా తుడిచిన డ్రమ్ము చాలు. యానాం వంటి సముద్రపు గాలి తగిలే చోట క్యాలిపరు పిన్నులకు తుప్పు పట్టి ప్యాడు ఒకవైపే అరుగుతుంది. అక్కడ కొత్త భాగాలకన్నా ఆ పిన్నులను శుభ్రపరచి గ్రీజు రాయడమే ముఖ్యం.

2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీ మించిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కొన్ని నమూనాలలో మట్టి దారికి దానిని ఆపే సదుపాయం ఉన్నది. అది లేని బండిలో తీగలు కత్తిరించి ఆపడం సరికాదు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు, తయారీదారు నిర్దేశానికి భిన్నమైన మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. పోటీలకు మాత్రమే తయారై రిజిస్ట్రేషను లేని బండిని ఊరి రోడ్డుపైకి సైతం తీసుకురారాదు.