అజిన్‌కోర్ట్ యుద్ధం – టెలివిజన్ డాక్యుమెంటరీలు: ఆకరాల వినియోగ పరిశీలన

ఇంగ్లండు, ఫ్రాన్సు రాజ్యాల మధ్య 1337 నుండి 1453 వరకు విరామాలతో సాగిన పోరాటాన్ని చరిత్రకారులు శతవర్ష యుద్ధమని వ్యవహరిస్తారు. టెలివిజన్ డాక్యుమెంటరీలలో ఈ సుదీర్ఘ చరిత్ర చాలావరకు క్రెసీ (1346), పోయిటియే (1356), అజిన్‌కోర్ట్ (1415) అనే మూడు ఆంగ్ల విజయాలకు కుదించుకుపోయింది. ఫ్రెంచి ఫిరంగులు యుద్ధాన్ని ముగించిన కాస్టియోన్ (1453) పోరాటానికి అంత చోటు దక్కదు. మూడింటిలోను అజిన్‌కోర్ట్‌దే పైచేయి. షేక్‌స్పియర్ ‘ఐదవ హెన్రీ’ నాటకం, దాని ఆధారంగా లారెన్స్ ఒలివియే 1944లో తీసిన చలనచిత్రం కల్పించిన ప్రసిద్ధి ఇందుకు ఒక కారణం. విల్లు, కవచం, బురదనేల వంటి దృశ్యయోగ్యమైన వస్తువులు ఆ రణక్షేత్రంలో సమకూరడం మరొక కారణం.

2000 దశకం తొలి సంవత్సరాలలో ప్రసారమైన ‘బాటిల్‌ఫీల్డ్ డిటెక్టివ్స్’ ధారావాహిక అజిన్‌కోర్ట్ భాగంలో రణక్షేత్రాన్ని ప్రయోగశాలగా మలిచింది. తడిసిన నేల ఉక్కు కవచాన్ని ఎలా పట్టి ఉంచుతుందో, ఇరుకు దారిలో జనసమూహం ఎలా కూలుతుందో, బాణపు ములికి ఉక్కును ఛేదించగలదో లేదో పరీక్షించింది. విజయాన్ని ఒక్క విల్లుకే ఆపాదించే జాతీయ గాథను ఇది ప్రశ్నించింది. ఆ మేరకు అది మెచ్చదగిన పనే.

అయితే ఇటువంటి ప్రయోగాలకు మూలమైన వస్తువుల కాలాన్ని గమనించవలసి ఉంది. మధ్యయుగపు ఆంగ్ల విల్లును గురించిన అంచనాలలో అధికభాగం 1545లో మునిగి, 1982లో వెలికితీయబడిన ‘మేరీ రోజ్’ నౌకలోని విండ్లపై ఆధారపడినవి. అజిన్‌కోర్ట్‌కు, ఆ నౌకకు మధ్య 130 సంవత్సరాల ఎడం ఉంది. ఇది అనుమాన ప్రమాణమే కాని ప్రత్యక్షం కాదు. తెరపై ఈ భేదం తరచు చెరిగిపోతుంది.

సైన్యాల సంఖ్య విషయంలో లిఖిత పత్రాలే చర్చను మలుపు తిప్పాయి. జీతాల పద్దులను, హాజరు పట్టీలను పరిశీలించిన ఆన్ కర్రీ 2005లో వెలువరించిన గ్రంథంలో ఆంగ్లేయులు సుమారు 9,000, ఫ్రెంచివారు సుమారు 12,000 అని నిర్ణయించారు. క్లిఫర్డ్ రోజర్స్ వంటివారు దీనిని అంగీకరించలేదు. వివాదం ముగియకపోయినా, పద్దుల కాగితాలకు బాణాలకున్నంత ఆకర్షణ లేదు కనుక కెమెరా వాటిని త్వరగా దాటిపోతుంది.

ఈ యుద్ధంలో అన్నిటికంటె బరువైన ప్రశ్న బందీల వధ. దీనికి ప్రయోగశాల సమాధానం చెప్పజాలదు. హెన్రీ సేనతో ఉన్న ఒక మతగురువు, పేరు తెలియని రచయిత, కొద్దికాలానికే లాటిన్‌లో ‘గెస్టా హెన్రికీ క్వింటీ’ రచించాడు. శత్రువుల అశ్విక దళం తిరిగి కూడుకుంటున్నదని ఒక కేక వినిపించిందని, వెంటనే కొద్దిమంది ప్రముఖులు మినహా బందీలు హతులయ్యారని అతని కథనం. కత్తులు బంధించినవారివో, వెనుక వచ్చినవారివో అని వివరించాడు కాని, ఆజ్ఞ ఎవరిదో చెప్పలేదు. హంతకులు కనిపిస్తారు, ఆజ్ఞాపకుడు కనిపించడు. ఆంగ్ల సేనతోనే ఉన్న జాన్ లెఫెవ్ర్ తరువాతి కాలంలో ఫ్రెంచిలో వ్రాసిన వృత్తాంతం ఇందుకు భిన్నం. అందులో ఆజ్ఞ రాజుదే. విమోచన ధనం పోతుందని బందీలను పట్టుకున్నవారు చంపడానికి ఇష్టపడకపోగా, రాజు ఒక అనుచరుని, 200 మంది విలుకాండ్రను ఆ పనికి నియమించాడు. ఫ్రెంచి పక్షాన ఉన్న జాన్ ద వావ్రాన్ కథనమూ ఇంచుమించు ఇదే. ఈ రెండు ఫ్రెంచి కథనాలు ఒకదానిపై ఒకటి ఆధారపడినవి కనుక, వాటిని ఇద్దరు స్వతంత్ర సాక్షులుగా లెక్కించడానికి వీలులేదు.

డాక్యుమెంటరీలు ఈ ఘట్టాన్ని విడిచిపెట్టవు. యుద్ధనేరమా, అనివార్యమా అనే చర్చను ముందుకు తెస్తాయి. కాని కర్తను మరుగుపరచిన లాటిన్ వాక్యాన్ని, కర్తను పేర్కొన్న ఫ్రెంచి వాక్యాన్ని పక్కపక్కన నిలిపి చదవడం వాటిలో అరుదు. ప్రాచీన ప్రతి తెరపై కనిపించినా, అది కాలపు వాతావరణాన్ని కల్పించే అలంకారంగానే మిగులుతుంది. ఆ మతగురువు పోరు సాగినంతసేపు వెనుక సామగ్రి వద్ద గుర్రంపై కూర్చొని ఉన్నానని తన రచనలోనే చెప్పుకున్నాడు. రాజు నోటి మాట అతనికి వినిపించలేదా, వినిపించినా వ్రాయలేదా అన్న ప్రశ్న అక్కడి నుండే మొదలవుతుంది.