సహకారం అన్న మాట వెనుక

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొండరెడ్ల గురించి హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం దొరికింది. 1945లో వచ్చింది. రచయిత ఆయన. భార్య ఎలిజబెత్‌ది 'సహకారం'.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. తర్వాత ఆయన ప్రభుత్వ సలహాదారు, ఉస్మానియాలో ఆంత్రోపాలజీ ప్రొఫెసర్ అయ్యాడు. మార్లవాయిలో ఆయనతో పాటే బతికిన ఎలిజబెత్, అందరూ పిలిచే బెట్టీ, ఏమైంది? గోండుల మీద 1979లో వచ్చిన పుస్తకానికి ఆమె సహరచయిత. 'సహకారం' నుంచి అక్కడికి 34 ఏళ్లు!

1987లో బెట్టీ హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 2012లో ఆయన అస్థికలనూ ఆమె పక్కకే చేర్చారు.

"ఆంత్రోపాలజీ చదివితే ఏమొస్తుంది మేడమ్?" అని అమ్మాయిలు అడుగుతుంటారు. గిరిజన సంక్షేమం, మ్యూజియాలు, స్వచ్ఛంద సంస్థలు, అధ్యాపకత్వం అని చెప్తాను. ఇంకో మాట కూడా చెప్తాను. మీ నోట్సు మీద మీ పేరు రాసుకోండి. మీకు కథ చెప్పిన గోండు స్త్రీని, ఆమె పేరు రాయమంటారా అని అడగండి. ఆమెకైతే 'సహకారం' అన్న మాట కూడా దక్కలేదు.