ఇంగ్లిషులో జంతువుల జాతీయాలు

జంతువుల పేర్లతో అల్లుకున్న జాతీయాలు ఇంగ్లిషు వాడుకలో అడుగడుగునా తగులుతాయి. విడివిడిగా ప్రతి మాటా తెలిసినా మొత్తం భావం అందకపోవడం వీటి లక్షణం. అందుకే జాబితాలు బట్టీ పట్టడం కన్నా, వాటి వెనుక కథ తెలుసుకుని నేర్చుకుంటేనే ఇవి మనసులో నిలుస్తాయి.

కొన్ని ఇప్పటికే తెలుగు పత్రికల భాషలో కలిసిపోయాయి: మొసలి కన్నీరు, సింహభాగం, తెల్ల ఏనుగు. మొసలి ఏడుస్తూనే మనిషిని తింటుందన్న కథను ఇంగ్లండులో వ్యాప్తి చేసింది 14వ శతాబ్దపు మాండవిల్ యాత్రాగ్రంథం. తినే వేళ మొసలి జాతి ప్రాణుల కళ్లు చెమర్చడం నిజమేనని 2007లో ఫ్లోరిడా శాస్త్రవేత్త కెంట్ వ్లీట్ వీడియో తీసి చూపారు. అయితే ఆ తడికి దుఃఖంతో సంబంధం లేదు.

‘స్కేప్‌గోట్’ కథ మరింత లోతైనది. 1530లో విలియం టిండేల్ బైబిలు అనువాదం కోసం ఈ మాటను కూర్చాడు. యూదుల ప్రాయశ్చిత్త దినాన రెండు మేకల్ని తెచ్చి ఒకదాన్ని బలి ఇచ్చేవారు. ప్రజల పాపాలన్నీ రెండోదాని తలపై మోపి, ప్రాణాలతో అడవిలోకి తోలేవారు. స్కేప్‌గోట్ ఈ రెండోదే. తప్పు ఒకరిది, నింద మరొకరిదైనప్పుడు ఆ నింద మోసేవారిని ఇలా అంటారు. తెలుగులో బలిపశువు అంటున్నాం కానీ, కథ ప్రకారం బలైంది మొదటి మేక.

గుర్రాలది పెద్ద కుటుంబం. గుర్రం వయసు పళ్లు చూసి చెబుతారు. కనుక కానుకగా వచ్చిన గుర్రం నోరు తెరిచి చూడవద్దంటే, ఊరకే ఇచ్చినదానికి వంకలు పెట్టవద్దని. జాన్ హేవుడ్ 1546 నాటి సామెతల సంకలనంలోనే ఇది ఉంది. ‘డార్క్ హార్స్’లో రంగు ప్రసక్తి లేదు, పందెగాళ్లకు సత్తా తెలియని గుర్రమని అర్థం. ఇంగ్లిషు రచయిత డిజ్రేలీ 1831లో ‘ద యంగ్ డ్యూక్’ నవలలో ఈ మాట వాడాడు. 1844లో అనూహ్యంగా అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన జేమ్స్ పోక్‌కు ఈ పేరు బాగా అతికింది.

నేర్చుకునేవారు తడబడేది జంతువు స్వభావం దగ్గర. మనకు అపశకునమైన గుడ్లగూబ ఇంగ్లిషువారికి జ్ఞాని. ‘నైట్ ఔల్’ అంటే రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునే మనిషి, అందులో నింద లేదు. మాటల వరుసా మార్చకూడదు. కుండపోతను ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనాలి, కుక్కలు ముందు రాకూడదు. పూరికప్పుల మీంచి పిల్లులు, కుక్కలు జారిపడేవన్న ప్రచారానికి ఆధారం లేదు. పాఠ్యపుస్తకాలు ఎంతో ఇష్టపడే ఈ జాతీయం నేటి సంభాషణల్లో అరుదు. ఇంగ్లిషువారు మామూలుగా ‘ఇట్స్ పోరింగ్’ అంటారు.