అధికారంపై నిఘా: ఖాసా సుబ్బారావు పత్రికారచనలో సంప్రదాయవాద మూలాలు

స్వాతంత్ర్యానంతర భారతదేశంలోని సంప్రదాయవాద రాజకీయ చింతనను చర్చించే సందర్భాల్లో చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ), మీనూ మసానీ, ఆచార్య ఎన్.జి. రంగా పేర్లు ముందుగా వినవస్తాయి గాని, ఆ చింతన పార్టీగా మారకముందే దానికి పత్రికా వేదికను సమకూర్చిన తెలుగు పాత్రికేయుడు ఖాసా సుబ్బారావుకు (1896–1961) దక్కవలసినంత పరిశీలన దక్కలేదు. ఆయన సంప్రదాయవాదం ప్రాచీనత మీది మమకారం నుంచి గాని, సంపన్న వర్గాల ప్రయోజనాల నుంచి గాని పుట్టినది కాదు. పరాయి ప్రభుత్వాన్ని ఎదిరించిన కాలంలో అలవడిన అధికార భీతిరాహిత్యమే స్వదేశీ ప్రభుత్వం విషయంలోనూ సడలకుండా నిలిచి, సంప్రదాయవాద రాజకీయ దృష్టిగా పరిణమించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నెల్లూరు ప్రాంతానికి చెందిన సుబ్బారావు, టంగుటూరి ప్రకాశం 1921లో మద్రాసు నుంచి ప్రారంభించిన ఇంగ్లీషు దినపత్రిక ‘స్వరాజ్య’లో పాత్రికేయ వృత్తిని అలవరచుకున్నాడు. న్యాయవాద వృత్తిని, దానితో వచ్చే విశేషమైన ఆదాయాన్ని వదులుకొని ప్రకాశం నడిపిన ఆ పత్రిక నిరంతరం ఆర్థిక సంక్షోభంలోనే సాగింది. జీతాలు సక్రమంగా అందని ఆ కార్యాలయంలో పనిచేయడమే ఒక రాజకీయ దీక్ష. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో సుబ్బారావు స్వయంగా పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నాడు. రాజ్యమనే వ్యవస్థకు గల బలప్రయోగ శక్తిని సిద్ధాంత గ్రంథాల్లో కాక వీధిలో, తన శరీరం మీదనే తెలుసుకున్న ఈ అనుభవాన్ని పక్కన పెట్టి ఆయన తరువాతి రచనలను అర్థం చేసుకోవడం కష్టం.

1946లో ఆయన మద్రాసు నుంచి ‘స్వతంత్ర’ అనే ఇంగ్లీషు వారపత్రికను నెలకొల్పాడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో జాతీయ పత్రికలు చాలావరకు కాంగ్రెసును తమ సొంత సంస్థగానే భావించేవి; ఉద్యమంలో కలిసి నడిచిన నాయకులు మంత్రులైనప్పుడు వారిని నిలదీయడం కొత్త, అసౌకర్యమైన పని. ప్రభుత్వాలు సైతం విమర్శను సులభంగా సహించలేదు. వామపక్ష వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ను మద్రాసు ప్రభుత్వం నిషేధించగా, 1950లో సుప్రీంకోర్టు రమేశ్ థాపర్ కేసులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది, మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా వాక్‌స్వాతంత్ర్యంపై ఆంక్షల పరిధి విస్తరించింది. సుబ్బారావు స్వతంత్ర వారపత్రికను నడిపింది ఇలాంటి వాతావరణంలోనే.

1955 జనవరిలో మద్రాసు సమీపంలోని ఆవడిలో కాంగ్రెసు ‘సోషలిస్టు తరహా సమాజం’ తన లక్ష్యమని ప్రకటించింది. ప్రధాన పరిశ్రమల స్థాపన, విస్తరణ బాధ్యతను ప్రభుత్వానికే కట్టబెట్టిన పారిశ్రామిక విధాన తీర్మానం 1956 ఏప్రిల్‌లో వెలువడింది. అదే సంవత్సరం సుబ్బారావు సంపాదకుడుగా, రాజాజీ అండతో, పాత దినపత్రిక పేరునే ధరించి ‘స్వరాజ్య’ వారపత్రిక ఆరంభమైంది. వ్యాపారం చేయాలన్నా, యంత్రం దిగుమతి చేసుకోవాలన్నా పౌరుడు అధికారి అనుమతి కోసం ఎదురుచూడవలసిన స్థితిని ‘పర్మిటు–లైసెన్సు రాజ్యం’ అంటూ రాజాజీ సాగించిన విమర్శకు ఈ పత్రికే ప్రధాన వాహకమైంది. అనుమతులిచ్చే అధికారం ఒకచోట పోగుపడితే పాలక పక్షానికి నిధులూ, అధికారులకు లంచాలూ, పౌరులకు పరాధీనతా తప్పవన్నది ఆ విమర్శలోని సారాంశం. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు సహకార సేద్యాన్ని సమర్థిస్తూ తీర్మానించడంతో, భూమిపై రైతు హక్కుకు ముప్పు వాటిల్లుతుందని భావించినవారు ఆ ఏడాదే స్వతంత్ర పార్టీగా సంఘటితమయ్యారు. నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు రంగా దానికి అధ్యక్షుడయ్యాడు. పార్టీకి కావలసిన వాదనలూ పరిభాషా అప్పటికే మూడేళ్లుగా స్వరాజ్య పుటల్లో రూపుదిద్దుకున్నాయన్నది ఇక్కడ గమనింపదగిన అంశం.

ఈ కథనంలో ఒక క్లిష్టమైన ముడి ఉంది. అధికార కేంద్రీకరణను అంత తీవ్రంగా ఖండించిన రాజాజీయే కేంద్ర హోంమంత్రిగా 1951లో పత్రికలను అదుపు చేసే అభ్యంతరకర విషయాల చట్టాన్ని పార్లమెంటులో నడిపించాడు. అంతకుముందు మద్రాసు ప్రధానిగా హిందీ వ్యతిరేక ఆందోళనకారులపై కఠిన చట్టాన్ని ప్రయోగించాడు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ నాటికి మద్రాసు ముఖ్యమంత్రి ఆయనే కనుక, ఆంధ్రోద్యమాన్ని గుండెకు హత్తుకున్న తెలుగువారికి రాజాజీ పట్ల ఆగ్రహం సహజం. 1946లో మద్రాసు ప్రధాని పదవి విషయంలో ఆయనకూ ప్రకాశానికీ ఏర్పడిన వైరం కూడా ప్రసిద్ధమే. ప్రకాశం పత్రికలో ఎదిగిన సుబ్బారావు చివరకు రాజాజీ పక్షాన నిలవడం తెలుగు పత్రికా చరిత్రలో ఆయన మరుగున పడటానికి ఒక కారణమై ఉండవచ్చు. ఒక నాయకుడికి సన్నిహితమైన సంపాదకుడు ఆ నాయకుడిని ఎంత నిష్పక్షపాతంగా తూచగలడన్న ప్రశ్న ఆయన విషయంలో న్యాయమైనదే. ఆయన నిజాయతీని గౌరవించేవారు సైతం దానిని దాటవేయరాదు.

అయితే ఆయన సంప్రదాయవాదాన్ని సామాజిక ఛాందసంగా పొరబడకుండా కాపాడే ఆధారం తెలుగులోనే ఉంది. ఇంగ్లీషు స్వతంత్రకు తోడుగా ఆయన నెలకొల్పిన ‘తెలుగు స్వతంత్ర’ గోరాశాస్త్రి సంపాదకత్వంలో సాహిత్య పత్రికగా ప్రఖ్యాతి గడించింది; శ్రీశ్రీ, ఆరుద్ర వంటి వామపక్ష కవుల రచనలకు అందులో చోటు దక్కింది. వివాహాన్ని, ఆధారపడి బతకడాన్ని తన షరతులపై నిర్ణయించుకునే ఇందిర వంటి పాత్రను సృష్టించిన డాక్టర్ పి. శ్రీదేవి నవల ‘కాలాతీత వ్యక్తులు’ 1957–58లో ధారావాహికగా వెలువడింది ఆ పత్రికలోనే. అప్పటికి సుబ్బారావు దృష్టి స్వరాజ్య మీద ఉన్నందున ఈ ఘనతలో సింహభాగం గోరాశాస్త్రికే చెందుతుంది. కానీ కమ్యూనిస్టు రాజకీయాలకు దూరంగా నిలిచిన వ్యక్తి స్థాపించిన పత్రికలో ఆ కవులూ ఆ నవలా నిరాటంకంగా ఇమిడిపోయాయంటే, రచయిత కలానికి ప్రభుత్వమే కాదు, పత్రికాధిపతి కూడా అడ్డుపడరాదన్న నియమాన్ని ఆయన తన సంస్థలోనూ పాటించాడని భావించడానికి అవకాశముంది. 1961లో ఆయన మరణించాడు. మరుసటి సంవత్సరం స్వతంత్ర పార్టీ తన తొలి సార్వత్రిక ఎన్నికల్లో 18 లోక్‌సభ స్థానాలు, 1967లో 44 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షాల్లో ఒకటిగా నిలిచింది.