మురుగమల్ల సీమలో పాత నాణేల జాడ

2007లో కోలారు నుంచి విడివడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో, చింతామణి తాలూకాలోని మురుగమల్ల ముక్తీశ్వరాలయానికీ దర్గాకూ పేరుపడిన ఊరు. విజయనగరం, బీజాపూరు, మొగలులు, మైసూరు, ఆంగ్లేయులు అంటూ ఏలికలు మారినప్పుడల్లా చేతులు మారే డబ్బు కూడా మారిన సీమ ఇది గనుక, సంత బయలులోనో, జాతర జరిగే చోటో, చెరువు కట్ట మీదో జారిపోయిన ఒక్కో నాణెం ఒక్కో పాలనకు సాక్ష్యంగా నిలుస్తుంది. ఇంగ్లండులో పార్కుల్లోనూ పొలాల్లోనూ మెటల్ డిటెక్టరు పట్టుకుని ఇటువంటి నాణేలు వెతకడం సెలవునాటి వ్యాపకంగా స్థిరపడింది. పాత కోలారు సీమలో మాత్రం మట్టిలో లోహాన్ని వెతకడానికి వేరే చరిత్ర ఉంది, అది యంత్రం కంటే చాలా పాతది.

ఇసుకనూ మట్టినీ నీటితో గాలించి బంగారు రజను వేరు చేయడాన్ని తెలుగులో జలగడగడం అంటారు. కంసాలి కొట్టుల ముందరి దుమ్మును ఊడ్చి తెచ్చి, కడిగి, అందులో చిక్కిన పొడితో బతికినవారు పట్టణాల్లో ఉండేవారు. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ కోలారు ప్రాంతాన్ని సర్వే చేస్తూ, బంగారం చూపినవారికి బహుమానం ప్రకటించగా, ఊరిగాం, మారికుప్పం వైపు పల్లెజనం మట్టిని బండ్లకెత్తి తెచ్చి అతని కళ్ళెదుటే కడిగి రజను తీసి చూపించారు. ప్రపంచం కోలారు గనులను తలచుకున్నప్పుడల్లా కంపెనీల పేర్లే ముందుకు వస్తాయి గానీ, నేలను చదవడం వాటికి నేర్పింది ఆ పల్లెజనమే.

ఈ నేలలో దొరకగల నాణేల్లో అతి చిన్నది కంఠీరాయి హణం. 1638 నుంచి 1659 వరకు మైసూరును ఏలిన కంఠీరవ నరసరాజ ఒడెయరు వేయించిన ఈ బంగారు నాణెం బరువు అర గ్రాముకు లోపే. ఒకవైపు నరసింహుడి రూపమూ, మరోవైపు నాగరి లిపిలో రాజు పేరూ ఉండే ఆ బిళ్ళ కందిగింజ కంటే కాస్త పెద్దది, అంతే. ఇటువంటి హణాలు పది కలిస్తే ఒక వరహా లెక్క. హైదరలీ కాలంలో ఈ ప్రాంతం మైసూరు చేతికి వచ్చాక చలామణిలోకి వచ్చిన టిప్పు సుల్తాను ఏనుగు బొమ్మ రాగి పైసా మాత్రం బరువైనది, పెద్దది. 1843లో మైసూరు టంకశాల మూతపడటంతో స్థానికంగా నాణేలు ముద్రించడం ఆగిపోయింది.

నాణేల పరిమాణంలోని ఈ తేడా డిటెక్టరు పనితీరు దగ్గర అక్కరకు వస్తుంది. తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపితే, లోపలి లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి తిరిగి సంకేతం ఇస్తాయి. లోహం ఎంత పెద్దదైతే ఆ సంకేతం అంత లోతు నుంచి అందుతుంది. కాబట్టి జానెడు లోతున ఉన్న రాగి పైసా పలికినా, దాని పక్కనే ఉన్న హణం పలకకపోవచ్చు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహంలో దిగిన తూటాను కనిపెట్టడానికి గ్రాహంబెల్ ఈ సూత్రాన్నే ప్రయోగించి విఫలుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలు తీయడానికి ఇది సైన్యాల చేతికి వచ్చింది, ఆ తర్వాత సామాన్యుల్లోనూ విస్తరించింది.

అయితే దక్షిణాదిలో గొప్ప నాణేల రాశులు యంత్రానికి చిక్కినవి కావు. 1891లో బెంగళూరు యశ్వంతపురం దగ్గర రైలు మార్గం పనులకు తవ్వుతుండగా 163 రోమన్ వెండి దెనారీలు బయటపడ్డాయి. దెనారియస్ అంటే రోమన్ల వెండి నాణెం. వాటిలో అగస్టస్, టైబీరియస్ నాణేలతో పాటు క్రీ.శ. 41-54 మధ్య ఏలిన క్లాడియస్ నాణేలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ రాశిని అతని ఏలుబడికి ముందు పూడ్చి ఉండరని నిశ్చయంగా చెప్పవచ్చు. నాణేలన్నీ కలిసి ఒకే చోట దొరికినందువల్లే ఈ నిర్ణయం సాధ్యమైంది. అవే నాణేలు విడివిడిగా అంగడికి వెళ్ళి ఉంటే వెండి ధర తప్ప మరేమీ మిగిలేది కాదు.

ఇంతకంటే బలమైన నిదర్శనం తెలంగాణలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల. అక్కడ నేల మీద ఏరిన నాణేలను శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి, పురాణాలు శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే శ్రీముఖుడి పేరును చదివారు; గోబద, నారన, సమగోప వంటి అంతకుముందు తెలియని రాజుల పేర్లూ వెలుగులోకి వచ్చాయి. ఆ నాణేలు ఏ ఊరి మట్టిలోవో తెలిసి ఉండటం వల్లే తెలుగు నేల తొలి రాజుల చరిత్ర కొత్తగా రాయవలసి వచ్చింది.

గుప్తనిధుల వేటగాళ్ళు చెరిపేసేది సరిగ్గా ఈ ఆధారాన్నే. లంకెబిందెల ఆశతో రాత్రివేళ నంది విగ్రహాలనూ, వీరగల్లులనూ, అంటే పోరులో నేలకొరిగిన వీరుల స్మారక శిలలనూ, పెళ్ళగించేవారి చేతిలోకి డిటెక్టరు చేరడం ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన మలుపు; అటువంటివారు బంగారం దొరకకపోయినా శాసనాన్ని పగలగొట్టి పోతారు. 1958 నాటి కేంద్ర చట్టం రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేని తవ్వకాన్ని నిషేధించగా, 1972 నాటి చట్టం నూరేళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగా గుర్తించింది.

చట్టం ఆశపోతును శిక్షించడంతోనే ఆగలేదు, నిజాయితీపరుడికి వాటా కూడా ఇచ్చింది. 1878 నాటి భారత నిధుల చట్టం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని, ఆ కాగితంలో వస్తువు స్వభావం, విలువలతో పాటు దొరికిన చోటును, తేదీని కూడా రాయాలని నిర్దేశించింది. ఆ చట్టం ప్రకారం, సొంతదారు ఎవరూ లేరని తేలి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు చెందుతాయి. ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదింట ఒక వంతు కలిపి చెల్లించాలి. దాచిపెట్టినవారు ఆ వాటాను పోగొట్టుకోవడమే కాక ఏడాది వరకు జైలుకు కూడా పోవచ్చు.