పురుగుల కొయ్యయిల్లు: పుట్టుపూర్వోత్తరములు

తోటకు మేలుచేయు కీటకములకు మానవుడు నెలవు కల్పించుట నిన్నమొన్న పుట్టిన వేడుక కాదు. దక్షిణచైనాలోని నారింజతోటల రైతులు, పంటను పాడుచేయు పురుగులను వేటాడించుటకై ఎఱ్ఱచీమల గూళ్లను చాపసంచులతో సంతలో కొని తెచ్చికొనెడివారని, సామాన్యశకము 304 నాటిదిగా ప్రతీతి గన్న ‘నాన్‌ఫాంగ్ త్సావ్‌ము చువాంగ్’ అను వృక్షగ్రంథము తెలుపుచున్నది; చీమలు చెట్టునుండి చెట్టునకు సాగిపోవుటకు వెదురుబద్దల వంతెనలు కట్టు ఆచారమును ఆ తోటలలో పిమ్మట ఏర్పడినది. అయినను ఆ గూడు కూలిసైన్యమునకిచ్చిన విడిదివంటిది. నేడు బాలబాలికలచేత కొయ్యదిమ్మెకు రంధ్రములు తొలిపించి చూరుక్రింద నిలిపించు చిన్నయింటి వంశమూలము వేఱు. అది లాభాపేక్షనుండి కాక కుతూహలమునుండి జనించినది. ఆ కుతూహలమును మొదట పసివాండ్రదే.

1843 ప్రాంతమున, దక్షిణఫ్రాన్సులోని కార్పాంత్రా పట్టణమున, ఇరువదియేండ్లైన నిండని జాఁ ఆఁరి ఫాబ్ర్ అను ఉపాధ్యాయుడు భూమికొలత నేర్పుటకై శిష్యులను ఊరివెలుపలి ఱాళ్లబయలునకు తోడుకొనిపోయెను. గుఱుతుకొయ్య పాతుటకు పంపిన పిల్లవాడు నడుమ నిలిచి, వంగి, గులకఱాయి నొకదానిని ఎత్తి, గడ్డిపోచతో ఏదియో పీల్చుచుండెను. తక్కినవారును కొలతలు మఱచి అదే పనిలో నుండిరి. విచారింపగా, నల్లని పెద్ద తేనెటీగ యొకటి ఱాళ్లపై కట్టుకొను మట్టిగదులలోని తేనెను వారు జుఱ్ఱుకొనుచున్నారని తేలెను. ఆ గురువు శిష్యులను దండింపలేదు. పాఠమును ప్రక్కనబెట్టి తానును వారితో గూడి గూళ్లు వెదకెను. పిదప ఆ ఈగ చరిత్ర తెలిసికొన గోరి, నెలజీతమంత వెలగల కీటకశాస్త్రగ్రంథమును కొని, 1734 మొదలు 1742 వఱకు ఆఱు సంపుటములలో కీటకచరిత్రను వెలయించిన రెయోమూర్ మహాశయుని పేరు అందే మొదటిసారి చదివెను. ఒక మహాశాస్త్రజ్ఞుని జీవితమార్గము బడిపిల్లల చేతిలోని గడ్డిపోచవలన నిర్ణయమగుట నాకెంతయు ముచ్చట గొలుపు విషయము.

1879లో సెరిన్యాఁ గ్రామమున ‘ఆర్మాస్’ అను ఱాతినేలను కొని స్థిరపడిన ఫాబ్ర్, ఆస్మియా జాతి తేనెటీగలు తన కన్నులయెదుటనే సంసారము సాగింపవలెనని, కోసిన రెల్లుగొట్టములను గాజునాళములను వాటికి గృహములుగా అమర్చి యిచ్చెను. ఈ జాతికి రాణి లేదు, పట్టు లేదు. ప్రతి తల్లియు తనంత తానే గొట్టములో పుప్పొడిముద్ద చేర్చి, దానిపై గ్రుడ్డుపెట్టి, మట్టితో అడ్డుగోడ కట్టి, మరల మఱియొక గదికి పూనుకొనును. వెనుకగదులలో ఆడుపిల్లలు, ముంగిటిగదులలో మగపిల్లలు పుట్టుదురనియు, గొట్టము మిక్కిలి యిఱుకైనచో తల్లి మగసంతతినే కనుననియు అతడు కనిపెట్టెను. నేటి కొయ్యయింటికి సాక్షాత్పూర్వజము ఆ రెల్లుకట్టయే యని నా నిశ్చయము.

అటుపై లాభము వెంటవచ్చినది. ఇరువదవ శతాబ్ది మధ్యమున జపానులో ఆపిలుతోటలవారు రెల్లుకట్టలతో ఆస్మియాలను పెంచసాగిరి. ఉత్తర అమెరికాలో లూసర్న్ గడ్డి విత్తనపు పంటకై, ఆకులు కత్తిరించు తేనెటీగలకు రంధ్రములు తొలిచిన పలకలు పొలములలో వెలసినవి. ఇటీవల అంగళ్లలో పైన్‌కాయలు, గడ్డి, పెంకులు కూర్చి అమ్ము అంతస్తుల మేడలు చూపరులకింపుగా నుండవచ్చును గాని, పెక్కింట గొట్టములు వెనుక తెఱచియుండుటచేతనో, రంధ్రములు గరుకుగా నుండుటచేతనో, నివాసయోగ్యములు కావు. ఒక్క మంచిదిమ్మె వాటికంటె మేలు.

మన తెలుగునాట ఈ గృహార్థులకు కొదవ లేదు. ఎండిన దూలమును తొలుచు తుమ్మెదను, గులాబి ఆకును అర్ధచంద్రాకృతిగా కత్తిరించుకొనిపోవు ఈగను, గోడమూలల మట్టిగూడు కట్టు కందిరీగజాతిని ఎఱుగని బాలుడుండడు; ఈ ఆకుకోతయీగలును తుమ్మెదలును కందిపూవునకు పరాగమును చేర్చునవి. భ్రమరమునే ధ్యానించి కీటకము భ్రమరమగునను న్యాయమును పెద్దలు వేదాంతార్థమున చెప్పిరి; నిజమునకు ఆ మట్టిగూటిలోని పురుగు తల్లికందిరీగ పొడిచి స్తంభింపజేసి పిల్లకై దాచిన ఆహారమని, ఓపికతో చూచిన పిల్లవాడు స్వయముగా గ్రహింపగలడు.

కట్టుటకు వలయునది స్వల్పము. బాగుగా ఆరిన, పగుళ్లులేని తుమ్మదిమ్మె నొకదానిని తీసికొని, పెద్దలు బర్మా పట్టగా, పిల్లలు గుఱుతులు పెట్టి, 3 మొదలు 10 మిల్లీమీటర్ల వెడల్పు గల రంధ్రములను, ఆవలికి పోకుండ, బర్మా అందినంత లోతుగా తొలిపింపవలయును. పేళ్లు రెక్కలను చీల్చును గనుక అంచులను ఉప్పుకాగితముతో నునుపు చేయుట పిల్లల చేతులకు తగిన పని. ప్రక్కనే వెదురుగొట్టములను కణుపు వెనుకవైపు మూతగా నుండునట్లు కోసి, కట్టగట్టి, పైన వాననాపు చూరు వేసి, తూర్పుటెండ తగులుచోట, గాలికి ఊగకుండ, పిల్లల కంటియెత్తున బిగింపవలయును. పురుగుమందు చల్లిన తోటలో ఈ యిల్లు కట్టుట వంచన. పూలు, తడిమన్ను దగ్గఱనుండవలయును. మట్టిమూత పడిన రంధ్రమును పుల్లతో కదపరాదు. మూత పగిలి ఈగపిల్లలు ఎగిరిపోయిన పిమ్మట, బూజును నల్లులను క్రొత్తసంసారమున కంటింపకుండ, పాతవెదుళ్లను తీసివేసి క్రొత్తవి చేర్చవలయును.